లోపలి చెమ్మ: డ్రెడ్‌లాక్స్‌తో ఈతకు వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు

అందరికీ నమస్కారం. సెలవు రోజు పొద్దున్నే నిద్ర మానుకుని వచ్చారు, చాలా సంతోషం.

మాటలు మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేస్తాను, కాస్త ఓపిక పట్టండి. నా చేతిలో ఉన్నది ఒక లాక్, అంటే డ్రెడ్‌లాక్స్‌లో ఒక పాయ, జుట్టు చిక్కుపడి తాడులా బిగుసుకున్నది. నాదే. మూడేళ్ల క్రితం నా తల నుంచి కత్తిరించింది. చిటికెన వేలంత లావు, జానెడు కన్నా కాస్త ఎక్కువ పొడవు. దీన్ని ఈ గ్లాసు నీళ్లలో వేస్తున్నాను. చూడండి, ముందు తేలుతోంది. వేలితో కిందికి నొక్కి పట్టుకుంటే సన్నటి బుడగలు వస్తున్నాయి, ముందు వరసవాళ్లకు కనిపిస్తున్నాయా? అది లోపలున్న గాలి. గాలి ఖాళీ చేసిన చోటికల్లా నీళ్లు వెళ్తున్నాయి. ఇదిగో, మునిగింది. ఇప్పుడు బయటికి తీసి, గట్టిగా పిండి, తువ్వాలులో చుట్టి ఒత్తి, ఈ బల్ల మీద ఫ్యాన్ గాలికి పెడుతున్నాను. నేను మాట్లాడడం అయ్యాక మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగానికి పైగా లాక్స్ ఉన్నవాళ్లే. మిగతావాళ్లలో ఈత నేర్పే కోచ్‌లున్నారు, పిల్లల అమ్మానాన్నలున్నారు. నన్ను పిలిచినప్పుడు మొట్టమొదట అడిగింది ఒకటే. డ్రెడ్‌లాక్స్ ఉన్నవాళ్లు ఈత కొట్టొచ్చా అని. కొట్టొచ్చు. రోజూ కొట్టొచ్చు. నేను కొడుతున్నాను. జుట్టు పాడవుతుందని ఎవరో భయపెడితే ఈత మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అది నాకు నిజంగా బాధ. ఈత అంటే సరదా ఒక్కటే కాదు కదండీ, నీళ్లలో పడితే ప్రాణం కాపాడుకునే విద్య. జుట్టు కోసం దాన్ని వదులుకోకూడదు. అలాగని ‘ఏం కాదులే, దిగెయ్’ అని కూడా నేను చెప్పను. అలా దిగే నేను దెబ్బతిన్నాను.

లాక్స్ పెట్టుకున్న ఏడాదిన్నరకి నేను ఈతలో చేరాను. సాయంత్రం బ్యాచ్. పూల్‌లోంచి బయటికొచ్చి, తువ్వాలుతో పైపైన తుడుచుకుని, తడి లాక్స్ అన్నీ కలిపి నెత్తిన ముడి వేసుకుని ఇంటికి వెళ్లేదాన్ని. తినేసి అలాగే పడుకునేదాన్ని. తెల్లారి ముడి విప్పితే చేతికి పొడిగానే తగిలేది. ఆరిపోయింది అనుకునేదాన్ని. నాలుగు నెలలు ఇలాగే గడిచింది.

ఆ తర్వాత ఒక వాసన మొదలైంది. మూడు రోజులు బకెట్లో మరిచిపోయిన తడిగుడ్డ వాసన తెలుసుగా, అదే. ముందు తువ్వాలు అనుకుని తువ్వాలు మార్చాను. దిండు గలీబు అనుకుని అదీ ఉతికాను. నా తలలోంచే వస్తోందని ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. షాంపూ ఎక్కువ పెట్టాను. తలస్నానం చేసిన పూట బాగుండేది, మర్నాటికి ఇంకా పెరిగేది. ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలుసు. ఆరనిదాన్ని మళ్లీ మళ్లీ తడుపుతున్నాను మరి.

ఆఖరికి మెడ వెనకాల, ముడి కింద నలిగిపోయే చోటి నుంచి రెండు లాక్స్ కత్తిరించాను. ఒకదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి బ్లేడుతో నిలువునా చీల్చాను. పైపొర నల్లగా, నిగనిగలాడుతూ, మామూలుగా ఉంది. నట్టనడుమ మాత్రం బూడిదరంగు గీత ఒకటి, పెన్సిల్ మధ్యలో ముల్లులాగా పొడుగునా ఉంది. సూదితో గీరితే కొంత పొడిలా రాలింది, కొంత జిగటగా సూదికే అంటుకుంది. తువ్వాలు నూలుపోగులు, సరిగ్గా కడగని షాంపూ మడ్డి, అంతా కలిసి ముద్దయింది. వాసన అక్కణ్నించే వస్తోంది. కాగితం మడిచి పారేసి చేతులు కడుక్కున్నా చాలాసేపు ముక్కులోంచి పోలేదు.

రెండోదాన్ని చీల్చలేదు. బాగా నానబెట్టి, కడిగి, ఎండబెట్టి దాచుకున్నాను. ఇప్పుడు బల్ల మీద ఉన్నది అదే.

ఆ రోజు నుంచి నేను ఆలోచించేది ఒక్క సంగతే. లాక్ లోపలికి నీళ్లు ఎలా పోతున్నాయి, ఎలా బయటికి వస్తున్నాయి. క్లోరిన్ అన్నా, ఉప్పునీళ్లన్నా, టోపీ అన్నా అన్నీ దాని చుట్టూ తిరిగేవే.

వెంట్రుక సంగతి కాస్త చెప్పుకోవాలి. వెంట్రుక పైన ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొలుసులుంటాయి. లోపల కెరటిన్ అనే ప్రొటీన్. పైన మాడు నుంచి వచ్చిన జిడ్డు పల్చటి పూతలా ఉంటుంది. వెంట్రుక నీళ్లలో నానితే తన బరువులో దాదాపు 30 శాతం నీరు పీల్చుకుంటుంది. పొడవు పెద్దగా మారదు గాని లావు 15 శాతం దాకా ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు పొలుసులు లేస్తాయి. నానిన వెంట్రుక పొడిదానికన్నా సులువుగా సాగుతుంది, సులువుగా తెగుతుంది కూడా. ఇది అందరి జుట్టుకీ ఒకటే.

లాక్ దగ్గర తేడా ఎక్కడొస్తుందంటే, మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. విడి జుట్టయితే అవి దువ్వెనకు వచ్చేస్తాయి. లాక్స్‌లో అవి ఎక్కడికీ పోవు, అక్కడే చిక్కుపడి లాక్‌లో భాగమైపోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ లాక్ బిగుసుకుంటుంది, నడుమ దట్టమవుతుంది. కాబట్టి ఒక్కో లాక్‌లో రెండు రకాల నీళ్లుంటాయి. వెంట్రుకల సందుల్లో నిలిచింది ఒకటి, వెంట్రుకే పీల్చుకున్నది ఇంకొకటి. మొదటిది పిండితే వస్తుంది. రెండోది ఎంత పిండినా రాదు, గాలికి ఆరాల్సిందే. నడుమనున్న వెంట్రుకకి గాలి ఎక్కణ్నించి వస్తుంది చెప్పండి? పైన ఆరి, దాని కింద ఆరి, అలా పొరపొరగా లోపలి వరకూ పోవాలి. అందుకే టైమ్ పడుతుంది.

ఇప్పుడు పూల్ దగ్గరికి వద్దాం.

పూల్ నీళ్లలో సాధారణంగా లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల దాకా క్లోరిన్ ఉంచుతారు. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్యలో ఉండేలా చూస్తారు. క్లోరిన్ నీళ్లలో హైపోక్లోరస్ ఆమ్లంగా మారి క్రిముల్ని చంపుతుంది. దానికి క్రిమి ఏది, వెంట్రుక ఏది అన్న తేడా తెలియదు. జుట్టు మీది జిడ్డును తీసేస్తుంది, కెరటిన్‌ను కూడా కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది. వారానికోసారి దిగేవాళ్లకు పెద్దగా తెలియదు. రోజూ దిగేవాళ్లకు నెలల మీద తెలుస్తుంది. చివర్లు గరుకుగా, పెళుసుగా అయిపోతాయి. అయినా క్లోరిన్‌ను తిట్టుకోకండి. అది సరిగ్గా లేని పూల్‌లో అసలు దిగకూడదు.

మనం చేయాల్సిందల్లా ఆ నీళ్లు లాక్ లోపలికి తక్కువ పోయేలా చూసుకోవడం. ఇందాక బుడగలు చూశారు కదా. ఆ గాలి ఉన్న చోట్లోకి ముందే మంచినీళ్లు పోయి ఉంటే పూల్ నీళ్లకు అంత చోటు ఉండదు. కాబట్టి దిగే ముందు షవర్ కింద తల పూర్తిగా తడుపుకోండి. ఈ సలహా ఎక్కడైనా వింటారు, కానీ లాక్స్ ఉన్నవాళ్లు దీన్ని సరిగ్గా చేయరు. ఊరికే నిలబడితే నీళ్లు పైనుంచి జారిపోతాయి. లాక్స్‌ని గుప్పెట్లోకి తీసుకుని నొక్కి వదలాలి. మళ్లీ నొక్కి వదలాలి. స్పాంజితో చేసినట్టే. కుదుళ్ల నుంచి చివర్ల దాకా అలా చేస్తే మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. వెనకాల లైన్లో ఎవరో ఉన్నారని మొహమాటపడకండి. దీనివల్ల వాళ్లకీ మేలే. పూల్ దగ్గర కళ్లు మండించే ఆ ఘాటు వాసన ఉందే, అది ఉత్త క్లోరిన్‌ది కాదు. మన చెమట, మూత్రం లాంటివాటితో క్లోరిన్ కలిసి తయారయ్యే క్లోరమిన్లది. ఒంటి మీద మురికి, చెమట ముందే కడుక్కుని దిగితే అది తగ్గుతుంది.

తడిపితే క్లోరిన్ లోపలికి అస్సలు పోదని నేను అనను. గంటసేపు నీళ్లలో ఉంటే ఎంతో కొంత కలుస్తుంది. కానీ పొడి లాక్స్‌తో దిగినదానికీ దీనికీ చాలా తేడా. నేను రెండూ చేసి చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

నూనె రాయమంటారా అని అడుగుతారు. కొబ్బరినూనెకు వెంట్రుక లోపలికి ఇంకే గుణం ఉంది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరినూనెనీ, పొద్దుతిరుగుడు నూనెనీ, మినరల్ ఆయిల్‌నీ పోల్చి చూస్తే, వెంట్రుక నుంచి ప్రొటీన్ పోవడాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. కాబట్టి రాయొచ్చు. అయితే నాలుగైదు చుక్కలు అరచేతిలో రుద్దుకుని, తడి లాక్స్ చివర్లకు మాత్రమే. మైనం, జుట్టుకు రాసే గట్టి బటర్లు, క్రీములు మాత్రం వద్దండీ. అవి లాక్‌లోకి దిగితే బయటికి రావు, దుమ్మును పట్టుకుంటాయి, లోపలి చెమ్మను బయటికి పోనివ్వవు. ఇంకో మాట. లేటెక్స్ టోపీ పెట్టుకునేవాళ్లు నూనె అసలే రాయొద్దు. నూనె తగిలితే లేటెక్స్ మెత్తబడి చిరిగిపోతుంది.

జుట్టు ఆకుపచ్చగా మారుతుందేమోనని టెన్షన్ పడేవాళ్లున్నారు. ముఖ్యంగా లాక్స్‌కి లేత రంగు వేయించుకున్నవాళ్లు. దానికి కారణం క్లోరిన్ కాదు, రాగి. పాచి పట్టకుండా వేసే కొన్ని మందుల్లోంచీ రాగి గొట్టాల్లోంచీ అది నీళ్లలోకి వస్తుంది. బ్లీచ్ చేసిన వెంట్రుకకి త్వరగా పట్టుకుంటుంది. మామూలు షాంపూకి వదలదు. లోహాలను పట్టి లాగేసే కీలేటింగ్ షాంపూలని ఉంటాయి, ఈతగాళ్ల షాంపూ పేరుతో అమ్ముతారు. నెలకు ఒకటి రెండుసార్లు అది వాడితే చాలు.

టోపీ గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే ఇది నాకు మనసుకు దగ్గరైన విషయం. మామూలు స్విమ్ క్యాప్ తీసుకుని ఒత్తుగా లాక్స్ ఉన్న తలకి పెట్టుకోవడానికి ప్రయత్నించినవాళ్లకు ఆ అవమానం తెలుసు. సగం దాకా వస్తుంది. ఇద్దరు లాగితే ఇంకాస్త దిగుతుంది. రెండు నిమిషాలకు టప్పున ఎగిరిపోతుంది. అందరూ మన వంక చూస్తారు. ఆ టోపీని తయారుచేసినవాళ్ల మనసులో మన తల లేదు, అంతే సంగతి.

బ్రిటన్‌లో సోల్ క్యాప్ అనే సంస్థ ఒత్తు జుట్టుకీ, లాక్స్‌కీ, తల చుట్టూ గుబురుగా పెంచిన రింగుల జుట్టుకీ (ఆఫ్రో అంటారు) సరిపోయే పెద్ద టోపీలు తయారుచేసింది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు ముందు వాటిని పోటీల్లో వాడుకోనివ్వమని అంతర్జాతీయ ఈత సమాఖ్య ఫినాను అడిగారు. ఫినా కుదరదంది. తల సహజ ఆకారానికి ఇవి తగ్గట్టు లేవన్నది వాళ్లు చెప్పిన ఒక కారణం. ఎవరి తల సహజం అని చాలామంది అడిగారు. నేనూ అప్పుడు అదే అనుకున్నాను. అదే ఒలింపిక్స్‌లో ఆలిస్ డీరింగ్ 10 కిలోమీటర్ల మారథాన్ ఈతలో పాల్గొంది. ఒలింపిక్స్ ఈతలో బ్రిటన్ తరఫున దిగిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. విమర్శలు వచ్చాక ఫినా మళ్లీ ఆలోచించింది, 2022 సెప్టెంబరులో ఆ టోపీలకు అనుమతి వచ్చింది. ఈ కథ ఎందుకు చెప్పానంటే, టోపీ పట్టకపోతే తప్పు మీ జుట్టుది కాదని మీకు తెలియాలి. ముఖ్యంగా కోచ్‌లకు తెలియాలి. పెద్ద సైజు టోపీలు దొరుకుతున్నాయి. ‘టోపీ పట్టట్లేదు, జుట్టు తీయించుకుని రా’ అని పిల్లలతో దయచేసి అనకండి.

టోపీ పెట్టుకునే పద్ధతి ఒకటుంది. సిలికాన్‌ది తీసుకోండి, బాగా సాగుతుంది, జుట్టును పీకదు. లాక్స్‌ని మెడ దగ్గర వదులుగా పోగుచేసి, తల ముందుకు వంచి, ఎవరినైనా టోపీని నుదుటి మీద పట్టుకోమని, వెనకనుంచి మీరు లాక్స్‌ని లోపలికి సర్దుకోవాలి. నడినెత్తిన పెద్ద గుట్టలా పెట్టకండి, మెడ పైభాగంలో పరిచినట్టు ఉంచండి. అలా ఉంటే నీళ్లలో తల బరువు వెనక్కి లాగదు. ఇంత చేసినా టోపీ లోపలికి నీళ్లు వస్తాయి. టోపీ పని తలను పొడిగా ఉంచడం కాదు, నీళ్లు లాక్స్ మీదుగా ధారగా పారకుండా ఆపడం. టోపీ ఉందిగా అని కడగడం మానేసినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

టోపీకి ఇంకో కారణం కూడా ఉంది. ఇది అందం గురించి కాదు, జాగ్రత్తగా వినండి. పూల్ అడుగునా, గోడల్లోనూ నీళ్లు లోపలికి లాక్కునే జాలీలుంటాయి. వాటి మూత విరిగినా, ఊడినా పొడుగు జుట్టు అందులోకి పోయి చిక్కుకుంటుంది. లాక్ ముడిపడిందంటే మనిషి తనంతట తాను విడిపించుకోలేడు. అమెరికాలో 2002లో ఒక హాట్ టబ్‌లో, అంటే వేడినీళ్ల తొట్టిలో, జాలీ పీల్పుకు చిక్కుకుని ఏడేళ్ల పాప చనిపోయింది. ఆ పాప పేరుతోనే, వర్జీనియా గ్రేమ్ బేకర్ చట్టమని, 2007లో ఒక చట్టం తెచ్చి పబ్లిక్ పూల్స్‌లో మనిషిని పట్టి ఉంచని రకం మూతలు తప్పనిసరి చేశారు. మీరు ఎక్కడ ఈత కొట్టినా సరే, విరిగిన జాలీ కనిపిస్తే ఆ నీళ్లలో దిగకండి. లాక్స్ విరబోసుకుని ఆ జాలీల దగ్గర మునకలు వేయకండి. హాట్ టబ్‌లో అయితే లాక్స్ పైకి కట్టుకునే కూర్చోండి.

సముద్రం సంగతి వేరు. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పు జిడ్డును తగ్గించి వెంట్రుకని గరుకు చేస్తుంది. గరుకుతనం లాక్స్ బిగుసుకోవడానికి పనికొస్తుంది, అందుకే కొత్తగా లాక్స్ పెట్టుకున్నవాళ్లు సముద్రస్నానం మంచిదంటారు. అది నిజమే. కానీ ఆ ఉప్పును జుట్టులోనే ఆరనిస్తే లోపల పలుకులు కడుతుంది, చెమ్మను పీల్చేసి వెంట్రుకని పెళుసు చేస్తుంది. కాబట్టి ఒడ్డుకు రాగానే మంచినీళ్లతో కడగాలి. ఉప్పన్నా కరుగుతుంది, ఇసుక కరగదు. అలలతో ఆడుకుని, ఇసుకలో తల ఆనించి పడుకుని వచ్చినవాళ్ల లాక్స్‌లోంచి నెల తర్వాత కూడా ఇసుక రాలడం నేను చూశాను. ఇసుకను తడిమీద రుద్దకండి, ఇంకా లోపలికి పోతుంది. బాగా ఆరాక తల వంచి, లాక్స్‌ని ఒక్కోటీ వేళ్ల మధ్య దొర్లిస్తూ దులపండి. చెరువుల్లోనూ నదుల్లోనూ ఒండ్రు, నాచు తోడవుతాయి. అక్కడ టోపీ తప్పకుండా పెట్టుకోండి.

బయటికి వచ్చాక మొదటి అయిదు నిమిషాల్లోనే కడిగేయాలి. ఇంటికెళ్లి చేద్దాంలే అనుకుంటే ఆలోపు పైపొర ఆరి, క్లోరిన్ లోపలే ఉండిపోతుంది. మళ్లీ అదే పద్ధతి, నొక్కి వదలడం. ఒక లాక్‌ని పట్టుకుని పైనుంచి కిందికి పిండుతూ రండి, కారే నీళ్లను చూడండి. మొదటిసారి తేటగా కనిపిస్తాయి. అయిపోయింది అనుకుంటాం. నడిమి భాగాన్ని ఇంకోసారి గట్టిగా పిండితే మసకనీళ్లు వస్తాయి. తేటగా వచ్చేదాకా ఆపకండి.

క్లోరిన్ వాసన వదలకపోతే విటమిన్ సి పొడి పనికొస్తుంది. అది క్లోరిన్‌తో కలిసి దాన్ని నిర్వీర్యం చేస్తుంది. అర చెంచాడు పొడి స్ప్రే సీసా నీళ్లలో కలిపి, లాక్స్ మీద చల్లి, రెండు నిమిషాలాగి కడిగేయండి. రోజూ ఈతకు వెళ్లేవాళ్లు రోజూ షాంపూ పెట్టక్కర్లేదు. వారానికి రెండుసార్లు చాలు, అదీ నురగ తేలిగ్గా పోయే పల్చటి షాంపూ. నీళ్లలో కలిపి మాడుకు రాయండి, కడిగేటప్పుడు ఆ నురగే లాక్స్ మీదుగా దిగుతుంది. బేకింగ్ సోడాతో ప్రతివారం నానబెట్టుకునేవాళ్లున్నారు. దాని క్షారగుణం వెంట్రుక పొలుసుల్ని లేపుతుంది, అంత తరచుగా వద్దు.

ఇక ఆరబెట్టడం. నన్నడిగితే ఇందులో శ్రద్ధంతా ఇక్కడే పెట్టాలి.

మామూలు టర్కీ తువ్వాలు నూలుపోగులు వదులుతుంది. నేను చీల్చిన లాక్‌లో ఉన్నవి అవే. మైక్రోఫైబర్ తువ్వాలో, పాత కాటన్ టీషర్టో వాడండి. రుద్దకండి. గుప్పెడు లాక్స్ చొప్పున గుడ్డలో చుట్టి ఒత్తండి. గుడ్డ తడిసిపోతే రెండోది తీసుకోండి. అందుకే నా ఈత సంచిలో మూడు టీషర్టులుంటాయి. ఆ తర్వాత లాక్స్ వదిలేయాలి. ముడి వేయకూడదు, జడ అల్లకూడదు, స్కార్ఫు చుట్టకూడదు, హెల్మెట్ కింద నొక్కకూడదు. తడి లాక్స్ బరువు మామూలు బరువు కాదు. వాటిని నెత్తిన బిగించి కడితే చెమ్మ లోపల ఉడికిపోవడమే కాకుండా కుదుళ్లు లాగుతాయి. నానిన వెంట్రుక సాగుతుందని ఇందాకే చెప్పాను కదా. రోజూ అలా లాగితే నుదుటి అంచున జుట్టు పల్చబడుతుంది. ఒక దశ దాటితే అక్కడ మళ్లీ రాదు.

సన్న లాక్స్ కొన్ని గంటల్లో ఆరిపోతాయి. బొటనవేలంత లావువి ఒక పగలూ రాత్రీ కూడా తీసుకోవచ్చు. కాబట్టి ఈత టైమ్ మార్చుకోండి. నేను సాయంత్రం బ్యాచ్ మానేసి పొద్దున బ్యాచ్‌కి మారాను. పగలంతా నా చేతిలో ఉంటుంది. సాయంత్రం తప్ప కుదరనివాళ్లు పడుకునే ముందు డ్రయర్ వాడండి. తల మీద గొడుగులా దిగే హుడ్ డ్రయర్ అయితే మేలు. చేతి డ్రయర్ అయితే వేడి తగ్గించి గాలి పెంచండి. మంటలాంటి వేడి పైపొరను మాడుస్తుంది, నడుమకు మాత్రం చేరదు.

ఆరిందో లేదో చేతివేళ్లకు తెలియదు. వేళ్లు పైపొరనే చెప్తాయి. లాక్ నడిమి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి వెంటనే పై పెదవికి ఆనించండి. చెమ్మ ఉంటే చల్లగా తగులుతుంది. పెదవికి తెలిసినంత చేతికి తెలియదు.

ఇప్పుడు మీరు అడగండి.

(వెనక వరసలోంచి ఒక అమ్మాయి అడిగింది: “అక్కా, నాకు లాక్స్ పెట్టుకుని రెండు నెలలే అయింది. ఈత కొడితే విడిపోతాయా?”)

విడిపోవచ్చమ్మా. నీవి అరచేతులతో దొర్లించి పెట్టినవా, సూదితో అల్లి పెట్టినవా? దొర్లించినవా. అవి నీళ్లలో త్వరగా విడిపోతాయి. కుదుళ్లను అల్లినవి కాస్త నిలుస్తాయి. నువ్వు మూడు నుంచి ఆరు నెలలు ఆగగలిగితే ఆగు. ఆగలేకపోతే మానేయమని మాత్రం అనను. దిగే ముందు నాలుగైదు లాక్స్ చొప్పున కలిపి వదులుగా జడలల్లుకో, టోపీ పెట్టుకో, నీళ్లలో అరగంటకు మించి ఉండకు. బయటికొచ్చాక జడలు విప్పేసి ఆరబెట్టు. కొన్ని విడిపోతాయి, మళ్లీ దొర్లించుకోవచ్చు. దానికి ఏడవకు.

(ఒక తండ్రి అడిగారు: “మా బాబుకి ఎనిమిదేళ్లు. లాక్స్‌కి పూసలు, లోహపు రింగులు పెట్టాం. తీయాలా?”)

తీసేయండి. లోహం తుప్పు పడుతుంది, రింగు కింద ఎప్పటికీ ఆరదు. పూస ఊడి పూల్‌లో పడితే ఇంకో గొడవ. ఇంకో మాట చెప్తాను, వినండి. చిన్నపిల్లలకు పొడుగు లాక్స్ నీళ్లలో మొహం మీదికి వచ్చి ఊపిరి తీసుకునేటప్పుడు అడ్డుపడతాయి. బాబు నేర్చుకునే రోజుల్లో టోపీ తప్పనిసరి. వాడికి నచ్చిన రంగు వాడినే ఎంచుకోనివ్వండి.

(ఇంకొకరు అడిగారు: “వాసన ఇప్పటికే వచ్చేసింది మేడమ్. కత్తిరించాల్సిందేనా?”)

వెంటనే వద్దు. ఒక వంతు వెనిగర్‌కి నాలుగు వంతుల నీళ్లు కలిపి, లాక్స్‌ని పావుగంట నానబెట్టి, వెనిగర్ వాసన పోయేదాకా కడగండి. కళ్లలో పడకుండా చూసుకోండి, మాడు మీద పుండ్లుంటే అసలు చేయకండి. ఆ తర్వాత రెండు రోజులు తల తడపకండి. డ్రయర్, గాలి, ఎండ, ఏది కుదిరితే అది. వారం తర్వాత ఇంకోసారి. అప్పటికీ వాసన వస్తుంటే ఒక్కో లాక్‌నీ విడిగా వాసన చూడండి. తలంతా ఉండదు. నాకు రెండింట్లోనే ఉంది, మెడ వెనకవి. ఆ రెండూ తీసేశాక మిగతావి ఇవిగో, ఇప్పటికీ ఉన్నాయి. మాడు దురదపెట్టినా, జుట్టు గుండ్రంగా పాచెస్‌లా ఊడినా అది లాక్ సంగతి కాదు, చర్మం డాక్టర్‌కి చూపించుకోవాలి.

సరే, బల్ల దగ్గరికి వస్తాను. లాక్స్ పెట్టుకుని రెండు నెలలైందన్నావు కదమ్మా, నువ్వు ముందుకు రా. ఇదిగో, పట్టుకో. పైన ఎలా ఉంది? పొడిగా ఉంది కదా. ఇది నీ తల మీదే ఉంటే ఆరిపోయిందనుకుని పడుకునేదానివి. ఇప్పుడు నడుమ రెండు వేళ్లతో నొక్కి పై పెదవికి ఆనించు.

చల్లగా ఉందా? అందరికీ వినపడేలా చెప్పు.

దాన్ని పక్కవాళ్లకి ఇవ్వు, వరసగా అందరూ చూడండి. చూశాక తెచ్చి ఫ్యాన్ కిందే పెట్టేయండి. సాయంత్రం నేను హాలు తాళం వేసేటప్పుడు మళ్లీ నొక్కి చూస్తాను.